కోటు జేబులో రుమాలు: జేబు కొలత నుంచి మడత దాకా

బెజవాడలోనైనా గుంటూరులోనైనా ఇప్పుడు రిసెప్షన్ అంటే పెళ్లికొడుకు ఒక్కడే సూటు వేసుకోడు. బావమరుదులు, స్నేహితులు, పెళ్లికొడుకు తండ్రి, అందరివీ కోట్లే. సూటుతో పాటు టై, దానికి జోడీగా అదే గుడ్డతో చేసిన పాకెట్ స్క్వేర్, అంటే కోటు పై జేబులో పెట్టుకునే చదరపు రుమాలు, ఒక డబ్బాలో వస్తాయి. దాన్ని జేబులో దూర్చి, రెండు మొనలు పైకి లాగి వదిలేస్తారు. అరగంటకు మొనలు లోపలికి జారిపోతాయి. మళ్లీ లాగుతారు, మళ్లీ జారతాయి. తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే ఒక ఫొటోలో రుమాలు ఉంటుంది, పక్క ఫొటోలో ఉండదు.

మడత రాకపోవడం వల్ల ఇలా జరగదు. ఆ రుమాలు ఆ జేబు లోతుకు చాలదు, పైగా గుడ్డ నున్నన. ఎన్ని వీడియోలు చూసి మడిచినా ఈ రెండూ మారవు. కాబట్టి మడతల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక స్కేలు తెచ్చుకోండి.

జేబు సంగతి

కోటుకు ఎడమ ఛాతీ మీద ఉండే జేబుకు మూత ఉండదు. నోటి దగ్గర దాదాపు అంగుళం ఎత్తున ఒక పట్టీ ఉంటుంది. అది తిన్నగా ఉండదు, భుజం వైపు కాస్త పైకి లేచి ఉంటుంది. కుట్టులో వంకర వచ్చిందని కంగారు పడకండి, ఆ జేబు కట్టింగే అంత. రుమాలు కూడా ఆ వాలుకు సమాంతరంగానే కనపడాలి, నేలకు సమాంతరంగా కాదు.

కొత్త రెడీమేడ్ కోటులో ఈ జేబు నోరు మూసి ఉంటుంది. షాపులో వేలాడినన్నాళ్లు సాగిపోకుండా దారంతో టాకా వేసి ఉంచుతారు. చాలామంది అది ఉత్తుత్తి జేబనుకుని ఏళ్ల తరబడి అలాగే వాడేస్తారు. కుట్టు పొడుగ్గా, వదులుగా, వేలితో లాగితే కదిలేలా ఉంటే అది టాకా. చిన్న కత్తెరతో ఒక్కో దారమే తెంపి లాగేయండి. బ్లేడు పెట్టకండి, పట్టీ తెగుతుంది. కుట్టు సన్నగా, దగ్గర దగ్గరగా, మెషీన్ మీద వేసినట్టుంటే ఆగండి. తక్కువ ధర బ్లేజర్లలో నిజంగానే ఉత్తుత్తి జేబులుంటాయి. వాటి వెనక సంచి ఉండదు, తెంపితే కోటుకు చిల్లు పడుతుంది. అనుమానముంటే కోటును వెలుతురుకు పట్టి పట్టీ వెనక వేళ్లతో తడిమి చూడండి. సంచి ఉంటే రెండు పొరల గుడ్డ వేళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు రెండు కొలతలు తీసి ఫోన్లో రాసి పెట్టుకోండి. మొదటిది పట్టీ వెడల్పు. మామూలుగా 4 నుంచి 4¼ అంగుళాలు ఉంటుంది. రెండోది లోతు. స్కేలును అడుగు తగిలేదాకా దించి చూడండి, 5 నుంచి 6 అంగుళాలు వస్తుంది. ఈ వ్యాసంలో లెక్కలన్నీ 4¼ వెడల్పు, 5 లోతు జేబుకు వేసినవి. మీ జేబు 6 అంగుళాలుంటే ఆ ఎక్కువైన అంగుళమే మీ రుమాలును మింగుతోంది.

కోటు కుట్టిస్తున్నవారికి ఇది తేలిక. కొలతలిచ్చే రోజునే "మాస్టారూ, పై జేబు సంచి నాలుగున్నర అంగుళాలకు మించకుండా కుట్టండి, రుమాలు పెట్టుకోవాలి" అని చెబితే సరిపోతుంది. రెడీమేడ్ కోటుకు సంచి తగ్గించాలంటే లైనింగ్ విప్పాలి, అంత పని అక్కర్లేదు. పాత బనీను గుడ్డను మడిచి, అంగుళం ఎత్తున జేబు అడుగున పెట్టండి. రుమాలు దాని మీద నిలబడుతుంది.

ఆ జేబులో పెన్ను, ఫోను, కళ్లజోడు పెట్టే అలవాటుంటే మానుకోండి. బరువుకు పట్టీ సాగి నోరు తెరుచుకుంటుంది, అలా తెరుచుకున్న జేబులో ఏ మడతా నిలవదు. ఇప్పటికే సాగిపోయుంటే ఆవిరి ఇస్త్రీ చేయించి, పట్టీ రెండు చివర్లా పావు అంగుళం మేర లోపలి వైపు నుంచి చేత్తో కుట్టించండి.

సైజు, గుడ్డ

డబ్బాల్లో టైతో వచ్చే రుమాళ్లు చాలావరకు 9, 10 అంగుళాలవి. రెండుసార్లు మడిస్తే 5 అంగుళాలు మిగులుతుంది, జేబు లోతూ అంతే. ఇక పైకి కనపడేదెక్కడ? కాటన్, లినెన్ అయితే 13 అంగుళాల చదరం కావాలి. పల్చటి పట్టు అయితే 16 తీసుకోండి, పట్టు నలిగి కుదించుకుపోతుంది కాబట్టి జేబు నింపడానికి గుడ్డ ఎక్కువ కావాలి. ఊలు కలిసిన మందపాటి గుడ్డకు 12 చాలు. ఆన్‌లైన్‌లో సెంటీమీటర్లలో ఇస్తారు, 33 అంటే 13 అంగుళాలు, 40 అంటే దాదాపు 16.

కాటన్, లినెన్ ఇస్త్రీ నిలుపుకుంటాయి, గీత గీసినట్టు మడత పడతాయి, జేబు లోపలి గుడ్డను పట్టుకుని కదలకుండా ఉంటాయి. అందుకే తిన్నని మడతకు, మొనల మడతకు అవే పనికొస్తాయి. పట్టు అలా నిలవదు, గుబురుగా ఉబ్బడమే దాని గుణం. పట్టును పలకలా మడిచి నిలబెట్టాలని చూడటం, కాటన్‌ను పువ్వులా ఉబ్బించాలని చూడటం, రెండూ వృథా శ్రమే. పట్టు మందాన్ని మామీ అనే కొలతలో చెబుతారు. ఒక మామీ అంటే చదరపు మీటరుకు 4.34 గ్రాములు. 8 మామీల పట్టు మరీ పల్చన, జేబులో చతికిలబడుతుంది. 12 నుంచి 16 మధ్య తీసుకోండి.

పాలియెస్టర్ శాటిన్ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. వేదిక మీద ఎల్ఈడీ లైట్లు, ఫ్లాషు పడ్డప్పుడు ఛాతీ మీద ఒక తెల్లటి మెరుపు మచ్చ తప్ప రంగు కనపడదు. జారడంలోనూ దానిదే మొదటి స్థానం. ఇప్పటికే ఉంటే మంచి తెల్ల కాటన్ రుమాలు వచ్చేదాకా వాడుకోండి, కొత్తగా మాత్రం కొనకండి.

మరి మంచిది ఎక్కడ దొరుకుతుంది? ఈ రెండు ఊళ్లవాళ్లకు ఈ విషయంలో అదృష్టముంది. విజయవాడ, గుంటూరు మధ్యలోనే మంగళగిరి ఉంది. అక్కడి చేనేత కాటన్ నేత దగ్గరగా, బిర్రుగా ఉంటుంది, ఇస్త్రీ పెట్టెకు చక్కగా లొంగుతుంది. అంచున నిజాం బోర్డర్ అనే సన్నటి జరీ ఉంటుంది. తిన్నని మడతలో ఆ అంచు పైకి వచ్చేలా పెడితే జేబు మీద ఒక సన్నని బంగారు గీత మాత్రమే కనపడుతుంది. ముదురు నీలం కోటు మీద అంతకంటే హుందాగా ఉండేది ఇంకోటి లేదు. వెడల్పు జరీ అంచు మాత్రం వద్దు, బిరుసుగా ఉండి మడత దగ్గర ఉబ్బుతుంది.

పూలూ లతలూ కావాలంటే మచిలీపట్నం పక్కన పెడన అద్దకపు కలంకారీ ఉంది. ముదురు ఎరుపు, నలుపు, ఆవరంగు, ముదురు నీలం కలిసిన చిన్న డిజైన్లు ఎంచుకోండి. అరచేయంత నెమలి ఉన్న గుడ్డ చూడటానికి బాగుంటుంది గానీ జేబు మీద కనపడేది అంగుళంన్నర ముక్క, అందులో నెమలి ఏ భాగం పడుతుందో చెప్పలేం. డిజైను బొటనవేలి గోరంత ఉంటే మడత ఎలా పెట్టినా నప్పుతుంది.

నలుచదరపు రుమాలు ఈ తీరానికి కొత్తేమీ కాదు. చీరాల నేతగాళ్లు నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఓడలెక్కాయి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసేవారు. ఆ విద్య ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో నిలిచి ఉంది. అక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలు తేలియా రుమాలును ముక్కలు కోయమని ఎవరూ చెప్పరు, కానీ ఆ మూడు రంగుల ఇకత్ కాటన్ మీటర్ల లెక్కన దొరికితే బూడిదరంగు కోటుకు అది నూరుపాళ్లు సరిపోతుంది.

మీటరు గుడ్డ కొని కుట్టించుకోవాలంటే

ఒక్కో రుమాలు విడిగా కొనేకంటే ఇది లాభం. అన్నదమ్ములకో స్నేహితులకో కలిపి చేయించుకోవచ్చు కూడా. మామూలు కాటన్ 44 అంగుళాల పన్నా ఉంటుంది. 13 అంగుళాల రుమాలుకు 13¾ అంగుళాలు కోయాలి, మిగతా ముప్పావు అంగుళం నాలుగంచుల చుట్టకు పోతుంది. పన్నాలో మూడు ముక్కలు పడతాయి. మీటరు కొంటే రెండు వరసలే వస్తాయి, ఆరు రుమాళ్లై, మిగతా గుడ్డ వృథా. ఒకటింపావు మీటరు కొంటే మూడు వరసలు, తొమ్మిది రుమాళ్లు. ఆ పావు మీటరు దగ్గర పొదుపు చేయకండి.

కోసే ముందు గుడ్డను రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కాటన్ మొదటి తడికి కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుంటే అంచు ముడతలు పడి రుమాలు చదరం తప్పుతుంది. కోసేటప్పుడు స్కేలు పెట్టి గీత గీయకండి. కోయాల్సిన చోట అంచు నుంచి ఒక దారం లాగితే గుడ్డలో సన్నటి ఖాళీ గీత ఏర్పడుతుంది, దాని వెంట కోస్తే నేతకు సరిగ్గా తిన్నగా వస్తుంది. అద్దకం గుడ్డలో డిజైను నేతకు వంకరగా పడి ఉండొచ్చు, అప్పుడు కూడా నేతనే నమ్మండి. లేకపోతే మొదటి ఉతుక్కే చదరం కాస్తా మూలలు సాగి పక్కకు ఒరుగుతుంది.

అంచు దగ్గరే అసలు నాణ్యత తెలుస్తుంది. ఈ పని పీకో మెషీన్‌కు ఇవ్వకండి. చీర కొంగుకు పీకో బాగుంటుంది గానీ రుమాలుకు వేస్తే అంచు అలలు తిరిగి, మెరిసే దారంతో ఆడపిల్ల చున్నీలా కనపడుతుంది. మామూలు మెషీన్ కుట్టు వేస్తే అంచు చప్పగా అణిగి, జేబు మీద చేతిరుమాలులాగే ఉంటుంది. కావలసింది చేత్తో చుట్టిన అంచు. ఇందుకు సూట్లు కుట్టే టైలరు కంటే బ్లౌజులకు చేతి హెమ్మింగ్ చేసే ఆడవాళ్లే మేలు. ఆ సన్నని కుట్టు వాళ్లకు రోజువారీ పని. వాళ్లకు ఇలా చెప్పండి: అంచును బొటనవేలు, చూపుడువేలు మధ్య కొద్దిగా తడి చేసుకుని గుడ్డ ముఖం (పైకి కనపడే మంచి వైపు) మీదికి చుట్టాలి, చుట్టాక అంచు అగ్గిపుల్లంత లావు ఉండాలి, కుట్టుకూ కుట్టుకూ మధ్య పావు అంగుళం కంటే తక్కువ ఉండాలి, పైకి దారం కనపడకూడదు. దారం గుడ్డ రంగుదే కావచ్చు, వేరే రంగుదీ కావచ్చు. తెల్ల రుమాలుకు ముదురు నీలం దారం వేయిస్తే అదే అలంకారం. మూలల దగ్గర మొనను రెండు నూలు పోగులంత కత్తిరించి లోపలికి మడిచి చుట్టాలి, లేకపోతే అక్కడ గడ్డ కడుతుంది. నాలుగు వైపులా కలిపి 52 అంగుళాల అంచు ఇది. ఒక్క రుమాలుకే ఒక పూట పడుతుంది, ఆ మేరకు కూలి ఇవ్వండి.

తిన్నని మడత

ముందు ఇది నేర్చుకోండి. ఆఫీసుకు, ఇంటర్వ్యూకు, పగటి పెళ్లికి, అన్నింటికీ సరిపోయేది ఇదే. 1950ల నాటి టీవీ వ్యాఖ్యాతల పేరు మీద దీన్ని టీవీ ఫోల్డ్ అంటారు, ప్రెసిడెన్షియల్ అని కూడా అంటారు.

1. రుమాలును కొంచెం తేమగా ఉండగానే ఇస్త్రీ చేయండి. ముఖం కింది వైపుకు ఉంచి పరవండి.
2. పై అంచును కింది అంచు మీదికి మడవండి. మడత పైన ఉంటుంది.
3. కుడి అంచును ఎడమ అంచు మీదికి మడవండి. ఇప్పుడు 6½ అంగుళాల చదరం వచ్చింది. మడతలు పైన, కుడిన ఉన్నాయి, కుట్టు అంచులన్నీ కింద, ఎడమన ఉన్నాయి.
4. ఎడమ వైపు నుంచి 2½ అంగుళాలు వెనక్కి మడవండి. వెడల్పు 4 అంగుళాలకు దిగింది, అంటే జేబు కంటే పావు అంగుళం తక్కువ.
5. కింద నుంచి ఒక అంగుళం వెనక్కి మడవండి. పొడవు 5½ అయింది. జేబు లోతు 5 పోగా అర అంగుళం పైకి కనపడుతుంది.

మీ జేబు లోతు వేరైతే ఐదో అడుగు ఒక్కటే మారుతుంది. లోతుకు అర అంగుళం కలిపి, అంతకు మించిన పొడవు వెనక్కి మడవండి. కనపడే భాగం అర అంగుళం దాటనివ్వకండి. అంగుళం కనపడితే జేబులో కవరు పెట్టుకున్నట్టుంటుంది.

వెడల్పు సరిగ్గా 4¼ ఉంచితే ఏమవుతుందంటే, ఛాతీ వంపుకు జేబు వంగినప్పుడు రుమాలు వంగలేక మధ్యలో పైకి ఉబ్బుతుంది. 3½ ఉంచితే కుర్చీలో కూర్చుని లేచేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే ఆ పావు అంగుళం. మంగళగిరి అంచు పైకి రావాలంటే రెండో అడుగులో మడత పైన కాక అంచు పైన ఉండేలా, కింది అంచును పైకి మడవండి.

ఎక్కువసేపు కదలకుండా ఉండాలంటే పెళ్లి శుభలేఖ లాంటి దళసరి అట్టను 3¾ × 5 అంగుళాలకు కోసి, చివరి రెండు మడతల లోపల పెట్టండి. అట్ట పైకి కనపడకుండా, మడత గీతకు పావు అంగుళం కింద ఆగాలి. మూలలు గుండ్రంగా కత్తిరించకపోతే జేబు సంచికి గుచ్చుకుంటాయి.

ఒక మొన, రెండు మొనలు

ఒక మొనకు పై పద్ధతిలోనే మూడో అడుగు దాకా వచ్చి, 6½ అంగుళాల చదరాన్ని వజ్రంలా తిప్పి పెట్టండి. ఏ మూల పైకి ఉండాలన్నది మీ ఇష్టం, కానీ తేడా తెలుసుకోండి. మడతలు రెండూ కలిసిన మూల పైకి పెడితే అంచులు లేని ఒకే శుభ్రమైన మొన వస్తుంది. నాలుగు కుట్టు మూలలు కలిసిన వైపు పెడితే చేతి చుట్టు అంచులు ఒకదాని మీద ఒకటి కనపడతాయి. కష్టపడి చుట్టించిన అంచుంటే రెండోదే పెట్టండి. మెషీన్ అంచయితే మొదటిది, అంచు దాగిపోతుంది.

వజ్రం ఎత్తు 9 అంగుళాల పైచిలుకు. ఎడమ, కుడి మూలలను లోపలికి మడిచి వెడల్పు 4 చేయండి. కింది మొనను వెనక్కి మడిచి మొత్తం పొడవు 6½ చేయండి. జేబు పైన అంగుళంన్నర కనపడుతుంది, ఆ ఎత్తు దగ్గర మొన అడుగు వెడల్పు 3 అంగుళాలు. జేబు రెండు చివర్లా అర అంగుళం పైగా ఖాళీ ఉంటుంది, అది అలాగే ఉండాలి.

రెండు మొనలకు రుమాలును విప్పి మూల నుంచి మూలకు త్రికోణంగా మడవండి, కానీ మూల మీద మూల సరిగ్గా పడనివ్వకండి. రెంటికీ మధ్య ఒక అంగుళం ఎడముండాలి. తర్వాత పక్కలు, అడుగు మామూలుగానే మడవాలి. అంగుళం ఎడం, అంగుళంన్నర ఎత్తు పెడితే రెండు మొనలూ కలిసి 4 అంగుళాల వెడల్పు వస్తుంది, జేబు నిండుతుంది. ఎడం అంగుళంన్నర అయితే బయటి మొన పట్టీ కింద చిక్కుకుని నలుగుతుంది. చాలామందికి రెండు మొనలు ఎందుకు కుదరవో ఇదే కారణం. ఎత్తైన మొన భుజం వైపు ఉండాలి, గుండె వైపుది కాస్త పొట్టిగా ఉండాలి.

మూడు మొనలు, నాలుగు మొనలు కూడా ఉన్నాయి. పొరలు పెరిగి జేబు ఉబ్బుతుంది, దూరం నుంచి చూస్తే రంపం పళ్లలా ఉంటుంది. అంత శ్రమకు ఫలితం లేదు.

పట్టుకు ఉబ్బు మడత

పఫ్ అని పిలిచే ఈ మడతకు ఇస్త్రీ గీతలు అక్కర్లేదు. 16 అంగుళాల పట్టు రుమాలును ముఖం పైకి ఉంచి పరవండి. సరిగ్గా మధ్యలో మూడు వేళ్లతో పట్టుకుని పైకి లేపండి, నాలుగు మూలలూ కిందికి వేలాడతాయి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలుతో ఉంగరంలా చుట్టి, పై నుంచి 4 అంగుళాల దగ్గర వదులుగా పట్టుకోండి. కింద వేలాడే తోకలను వెనక వైపుకు పైకి మడవండి. అదే ఆకారంలో జేబులో దించి, తర్వాత వేలు పెట్టి పై భాగాన్ని రెండు వైపులా పరచండి. పైకి ఒకటింపావు అంగుళం చాలు.

బిగించి పట్టుకుంటే పై భాగం పుట్టగొడుగులా గుండ్రంగా వస్తుంది, అది తప్పు. వదులుగా ఉంటే ఒకటి రెండు ముడతలు సహజంగా పడతాయి. అద్దం ముందు పావుగంట సరిచేసుకోకండి, సవరించే కొద్దీ చదునవుతుంది. నచ్చకపోతే మొత్తం తీసి మళ్లీ దించండి.

జారిపోతుంటే మార్గం ఉంది. మామూలు కాటన్ కర్చీఫును మడిచి జేబులో ముందు పెట్టి, దాని మీద పట్టు దించండి. కాటన్‌కు పట్టు జారదు. ఇంకా కావాలంటే కర్చీఫును, పట్టు తోకలను కలిపి లోపల ఒక చిన్న పిన్నుతో పట్టించండి. పిన్ను పట్టీకి మాత్రం తగలనివ్వకండి, చిల్లు శాశ్వతం.

మధ్యను కిందికి దించి మూలలను పైకి వదిలితే అదే తిరగేసిన పఫ్. నాలుగు రేకుల్లా లేస్తాయి, అంచు డిజైను బాగున్న రుమాళ్లకు పనికొస్తుంది. రిసెప్షన్‌కు సరే, ఆఫీసుకు ఎక్కువవుతుంది.

రంగు ఎంపిక

టై గుడ్డతోనే రుమాలు ఉండటం పొందిక అనుకుంటారు. నిజానికి అది అద్దెకు తెచ్చుకున్న సూటు అన్న సంగతి చెప్పేస్తుంది. డబ్బాలో రెండూ వచ్చినా పరవాలేదు, ఒక రోజు టై, ఇంకో రోజు రుమాలు వాడుకోండి, రెండూ ఒకే రోజు వద్దు. టైలో ప్రధానమైన రంగు వదిలేసి, అందులో చుక్కలుగానో గీతలుగానో ఉన్న రెండో రంగును రుమాలుకు తీసుకోండి. మెరూన్ టైకి ఆవరంగు చుక్కలుంటే ఆవరంగు రుమాలు. టై మీద గీతలుంటే రుమాలు మీద గీతలు వద్దు. టై డిజైను పెద్దదైతే రుమాలుది చిన్నది. టై లేకుండా కోటు వేసుకున్నప్పుడే రుమాలుకు ఎక్కువ స్వేచ్ఛ, అప్పుడు కలంకారీ తీయండి.

ఏదీ తేల్చుకోలేకపోతే తెల్ల కాటన్, తిన్నని మడత. అది తప్పయ్యే కోటు లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాళ్లు దీన్ని దాటి వెళ్లొద్దు. రుమాలు లేకపోయినా ఎవరూ తప్పుపట్టరు, పెద్ద పట్టు పువ్వు పెట్టుకెళితే మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

పెళ్లికొడుకు రుమాలు పెళ్లికూతురు చీర రంగులో ఉండాలని అడగటం ఇప్పుడు మామూలైంది. చీర ఒంటి రంగే తీసుకుంటే ఫొటోలో ఇద్దరూ యూనిఫాం వేసుకున్నట్టు ఉంటుంది. చీర అంచు రంగునో, బ్లౌజు రంగునో తీసుకోండి. షాపుకు బ్లౌజు ముక్క పట్టుకెళ్లండి, ఫోన్లో ఫొటో చూపి రంగు కలపొద్దు. ముక్కను, రుమాలును షాపు బయటికి తెచ్చి ఎండ వెలుతుర్లో పక్కపక్కన పెట్టి చూడాలి. ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు మెరూన్లు బయట రెండు దారులు పడతాయి. జరీకి జోడీగా మెరిసే బంగారు శాటిన్ వద్దు, మెరుపు లేని ఆవరంగు కాటన్ తీసుకోండి.

బంద్‌గలాకు, నెహ్రూ జాకెట్‌కు రుమాలు పెట్టొచ్చు. మెడ దాకా మూసి ఉంటాయి, టై ఉండదు కాబట్టి ఛాతీ మీద చూపు ఆగేది దాని మీదే. తిన్నని మడత గానీ ఒక మొన గానీ చాలు. చొక్కా జేబులో, కుర్తా జేబులో మాత్రం పెట్టకండి. పంచె కట్టి కండువా వేసుకున్న రోజు కండువానే అందం, రుమాలుకు చోటు లేదు.

పెళ్లి రోజు ఎదురయ్యేవి

వేదిక మీద రెండు మూడు గంటలు నిలబడతారు. ప్రతి ఒక్కరూ వచ్చి కౌగిలించుకుంటారు, బొకేలు ఛాతీకి ఆనిస్తారు. పట్టు ఉబ్బు పదో బంధువుకే చదునైపోతుంది. పెళ్లికొడుకు అట్ట పెట్టిన తిన్నని మడతో, ఒక మొనో పెట్టుకోవాలి. ఉబ్బు మడత అతిథులకు వదిలేయండి. కోటు కాలరుకు గులాబీ, బ్యాడ్జీ పెడుతున్నారంటే వాటితో పాటు రుమాలు కూడా అయితే ఒకే చోట మూడు వస్తువులు పోటీ పడతాయి. పువ్వు ఉంటే రుమాలు తెల్లదే ఉంచండి.

ఎండాకాలం ముహూర్తాల్లో, రోహిణి కార్తె ఉక్కలో చెమట తుడుచుకోవడానికి చేయి దానంతటదే ఆ రుమాలు మీదికే వెళ్తుంది. ప్యాంటు జేబులో వేరే కర్చీఫు తప్పక ఉండాలి. కలంకారీ అయితే ముందుగా తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ రుమాలు చెమటకు కోటు లోపలికీ చొక్కాకీ రంగు దించుతుంది. ఉప్పు నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా జాడించాకే వాడండి.

అక్షింతలు పడ్డ తర్వాత జేబు దులుపుకోవడం మరవకండి, పసుపు బియ్యం చెమటకు తడిసి లోపలే మరక చేస్తాయి. తెల్ల కాటన్ మీద పసుపు పడితే సబ్బు రాయగానే మరక ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారం వల్ల పసుపు రంగు మారడమే అది, గుడ్డ పాడవలేదు. బాగా జాడిస్తే తిరిగి పసుపవుతుంది. తడిగానే మండుటెండలో ఆరేస్తే ఎండకు ఆ రంగు తేలిపోతుంది, రెండు మూడు ఎండలు పట్టొచ్చు. పట్టుకు ఈ వైద్యం చేయకండి, ఎండకు పసుపుతో పాటు పట్టు రంగూ పోతుంది.

ఉతుకు, ఇస్త్రీ, దాపు

కాటన్, లినెన్ రుమాళ్లకు గంజి పెడితే తిన్నని మడత బాగా నిలుస్తుంది. అన్నం వార్చిన చిక్కటి గంజి ఒక కప్పుకు నాలుగు కప్పుల నీళ్లు కలిపి, పల్చటి గుడ్డలో వడగట్టి, అందులో ముంచి తీయండి. వడగట్టకపోతే మెతుకు తుంపులు ముదురు రంగు మీద తెల్లగా తేలతాయి. చిక్కగా పెడితే మడత దగ్గర గుడ్డ విరుగుతుంది. పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలి. చేతి చుట్టు అంచుకు పావు అంగుళం దూరంలో పెట్టె ఆపేయండి. అంచు మీద నడిపిస్తే అగ్గిపుల్ల లావు కాస్తా అణిగి, ఇచ్చిన కూలి వృథా. బజారు ఇస్త్రీకి ఇస్తే ఈ మాట గట్టిగా చెప్పండి, నాలుగు మడతలు పెట్టి తెచ్చిస్తారు కాబట్టి మడవొద్దని కూడా చెప్పండి.

పట్టును చన్నీళ్లలో, నాలుగు చుక్కల షాంపూతో నిమిషం ఆడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. నీడన ఆరేసి, పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. నీళ్లు చిలకరించొద్దు, చుక్కలు మరకలుగా మిగులుతాయి.

పెళ్లయి ఇంటికి రాగానే రుమాలు జేబులోంచి తీసేయండి. అలాగే బీరువాలో వేలాడదీస్తే మడత గీత దగ్గర రంగు వెలుస్తుంది, చెమట తేమకు వానాకాలంలో బూజు పడుతుంది. గంజి పెట్టినవాటిని దాచే ముందు ఒకసారి ఉతికి గంజి వదలగొట్టండి, గంజి ఉన్న గుడ్డకే పురుగు ముందు చేరుతుంది. మడవకుండా, పాత కాగితపు గొట్టం మీద చుట్టి పెడితే తర్వాత ఏ మడత కావాలంటే అది వేసుకోవచ్చు. అట్ట ముక్కను పారేయకుండా కోటు లోపలి జేబులో వేసి ఉంచండి, కొలత కోసిన కష్టం మళ్లీ పడక్కర్లేదు.